మళ్లీ తీద్దాం అన్న డాక్టరమ్మ

పంజాగుట్ట స్కానింగ్ సెంటరు డాక్టరమ్మ పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. అమీర్‌పేటలో మా మెస్‌లో పప్పు తాలింపు వేస్తున్నాను. పొయ్యి ఆర్పి చూసేసరికి మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆవిడ ఇంటి దగ్గర ఎవరో అన్నారు, "మంచి డాక్టరే గానీ, మస్తు లేటు జేస్తుండె. ఒక్క స్కానింగుకు రెండుసార్లు తిప్పుతుండె" అని. చావు ఇల్లని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నాకు రాత రాదు, మనవరాలి చేత రాయిస్తున్నాను. చదివి మీరే చెప్పండి.

అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేస్తున్న రోజులవి. మా ఆయనకు మూత్రం ఇబ్బంది మొదలైంది. మగవాళ్లకు మూత్రం సంచి కింద ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుందట. దానికోసం చేసే రక్తపరీక్షలో అంకె ప్రతిసారీ పెరుగుతోంది. సూదితో ముక్క తీసి చూస్తే మాత్రం ఏమీ లేదన్నారు. క్యాన్సర్ ఉందో లేదో తేల్చుకోవడానికి ఎమ్మారై తీయించమని పెద్ద డాక్టరు పంపించారు.

కడుపు ఖాళీగా రావాలని చీటీలో రాశారట. చీటీ నేనెక్కడ చదవను? అంతసేపు పడుకోవాలి, నీరసపడతారని గిన్నెడు శనగ గుడాలు ఉడకబెట్టి, పోపు వేసి తినిపించి మరీ తీసుకెళ్లాను.

స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చారు. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకోనిదే ఏ ఫిల్మూ చూసేవారు కాదు. తుడుచుకున్నారు, చూశారు, ఫిల్ము బోర్లా పెట్టేశారు.

"పొద్దున ఏం తిన్నారండీ?"

"ఏం తినలే. చాయ్ సుత తాగలే" అన్నాను, తినకూడదేమోనని అప్పుడు అనుమానమొచ్చి.

లోపలి నుంచి మా ఆయన గొంతు: "గుడాలు తిన్న, డాక్టరమ్మా! గీమెనే పెట్టింది!"

"నాతో అబద్ధమాడితే ఫర్వాలేదమ్మా. మిషన్ ఊరుకోదు. పేగులో గ్యాస్ నిండిపోయి బొమ్మంతా చెదిరిపోయింది. మళ్లీ తీద్దాం."

నాకు ఒళ్లు మండింది. "గంటసేపు ఆ గొట్టంల పండవెట్టిన్రు. మల్ల రమ్మంటరా? మా ముసలాయన మీద పని నేర్చుకుంటున్నరా?"

మేనేజరు తలుపు దగ్గర నిలబడి గొణిగాడు. "మేడం, బయట లైనుంది. ఉన్నదాని మీదే రాసేయండి."

"ఏం రాయనండీ?" అన్నారావిడ. గొంతు పెంచలేదు. "కనబడలేదు అనాలా, లేదు అనాలా? రెండూ ఒకటి కాదు. మీరు ఒకటనుకుంటే ఈ కుర్చీలో మీరే కూర్చోండి."

మేనేజరు వెళ్లిపోయాడు. నేను మాత్రం కదల్లేదు. అప్పుడు ఫిల్ము వెలుగు పలక మీద తగిలించి నన్ను దగ్గరికి పిలిచారు.

"నాకు సదువు రాదు."

"ఇది చదివేది కాదమ్మా, చూసేది."

చూశాను. తడి ముగ్గు మీద ఎవరో కాలు ఈడ్చినట్టుంది. నాకే అర్థమైంది. ఆ గుడాలు పెట్టిన చెయ్యి నాదే.

రెండు రోజులు పెరుగన్నమే పెట్టాను. మూడోనాడు పొద్దున్నే కడుపు శుభ్రం చేసే మందు వేయించి తీసుకెళ్లాను. ఈసారి గీతకు గీత తేటగా పడింది. గ్రంథి ముందువైపు, పాత సూది చేరని చోట, నల్లటి మచ్చ. డాక్టరమ్మ చెప్పకముందే నా వేలు దాని మీదికి పోయింది. "అదేనమ్మా" అన్నారు. సరిగ్గా అక్కడే సూది వేయించి ముక్క తీయించారు. క్యాన్సరే. ఇంకా గ్రంథి దాటి బయటకు రాలేదు. ఆపరేషన్‌లో మొత్తం తీసేశారు.

అంతటితో వదిలారా? "తీసిన గ్రంథి రిపోర్టు తెచ్చి చూపించండి" అని మూడుసార్లు ఫోను చేశారు. తీసుకెళ్తే పొడుగాటి నోటుబుక్కు తెరిచారు. ఒకవైపు తాను చెప్పింది, రెండోవైపు తేలింది. మా దాని పక్కన నీలం గీత పెట్టారు. అదే పేజీలో పైన ఒక ఎర్ర గీత ఉంది.

"గిదేంది, డాక్టరమ్మా?"

"అది నేను తప్పు చెప్పిన కేసమ్మా. రోజూ పని మొదలెట్టే ముందు ఎర్రవే చూసుకుంటాను."

లేటు చేస్తుందన్నవాళ్లకు నా జవాబు ఇదే. ఆవిడ పట్టుబట్టిన ఆ మూడు రోజుల వల్ల మా ఆయన ఇన్నేళ్లుగా నా కూరలకు వంకలు పెడుతూనే ఉన్నారు.

ఆ రోజు చావింటి నుంచి వస్తూ సెంటరు దగ్గర ఆగాం. ఆవిడ దగ్గర పని నేర్చిన పిల్ల ఇప్పుడు అక్కడ డాక్టరు. ఫిల్ములు పోయి కంప్యూటర్ తెర వచ్చింది. ఎవరో పెద్దమనిషి అరుస్తున్నాడు, "మల్లనా? ఏం తమాషానా?" ఆ పిల్ల కళ్లద్దాలు చున్నీ అంచుతో తుడుచుకుంటూ, "మళ్లీ తీద్దామండీ" అంది.

"కూసో అన్నా" అన్నాను. "పొద్దున ఏం తిన్నవో ముందుగల్ల నిజం జెప్పు."

బయట మెట్ల మీద మా ఆయన కూర్చుని, చొక్కా జేబులోంచి గుడాలు ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకుంటున్నారు.