నాగేశప్ప బావ కుడిచేయి

మా బావ నాగేశప్ప పేరెత్తితే నేను ముందు చెప్పేది ఆయన చేసిన బండి చక్రాల గురించే. జవళగిరి నుంచి తళి దాకా ఎద్దుల బండి ఉన్న ప్రతి రైతూ ఆయన చక్రం కోసం నెలల తరబడి కాచుకునేవాడు. ఎంత రాళ్ళ దారిలో తోలినా ఇరుసు చుట్టూ ఉండే ఆకుల్లో ఒక్కటి కూడా కదిలేది కాదు. మనిషి మాత్రం మరీ మెతక. పెద్దల ఎదుట గొంతు లేవదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. "ఆయప్ప మాటలన్నీ బాడిసెతోనే చెప్తాడు లేరా" అని మా అక్క పిల్లమ్మ నవ్వేది. అప్పట్లో అక్క నవ్వేది.

పందొమ్మిదివందల అరవై ఒకటిలో, ఎండాకాలం. కొత్త చక్రాన్ని దొర్లించుకుంటూ బావ హోసూరు రోడ్డు వారగా పోతున్నాడు. నేను వెనక రెండో చక్రంతో వస్తున్నాను. బస్సును దాటబోయిన కారొకటి ఆయన మీదికే వచ్చింది. చక్రం ముక్కలైంది, బావ కుడి మోచేయి నలిగిపోయింది. కారాయన బెంగళూరు వైపు తోటలున్న పెద్దమనిషి. దిగి చూసి, "రోడ్డు మీద ఆటలాడితే ఇంతే" అని మళ్ళీ ఎక్కి పోయాడు. వాడి నోట్లో మన్ను పడ!

బావను ఆసుపత్రికి తీసుకుపోవాలని ఎవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? మా నాయన మారప్ప ఎముకల కట్టు కట్టేవాడు. అంచెట్టి కొండల నుంచి కూడా మనుషులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టేవాడు. కట్టినందుకు ఆకువక్క తప్ప ఇంకేమీ ముట్టేవాడు కాదు. తాతల నుంచి వచ్చిన కట్టుబాట్లు రెండుండేవి. కట్టినవాడే కట్టు విప్పాలి. ఎముక చెడిందని కట్టినవాడు తన నోటితో అనకూడదు, అంటే హస్తవాసి పోతుంది. ఈ రెండే మా అక్క కొంప ముంచాయి.

నష్టపరిహారం అడగొచ్చని హోసూరు వకీలొకాయన చెప్పాడు. దెబ్బకు ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలన్నాడు. పోయాం. డాక్టరు కట్టు వైపు చూపించి, "విప్పండి. చేయి చూడకుండా నేనేం రాసేది?" అన్నాడు.

"మామ కట్టినాడు సామీ. మామే విప్పాల. నడమ విప్పితే ఎముక చెదిరిపోతుంది" అన్నాడు బావ, చేతిని గుండెకు అదుముకుని.

"విప్పు బావా, మళ్ళా కట్టిచ్చుకుందాం" అని నేను బతిమాలాను, తిట్టాను కూడా. కదల్లేదు. డాక్టరు విసుక్కుని మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు.

నాయన కట్టు విప్పేసరికి ఎముకైతే అతికింది గానీ మోచేయి కర్రలా బిగుసుకుపోయింది. ముద్ద పట్టుకుంటే నోటిదాకా రాదు. ఎడమచేత్తో బాడిసె పట్టి మొద్దు చెక్కబోయాడు, అది చీలిపోయింది. పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టేశాడు. అక్క పొద్దంతా కలుపు కూలికి పోయి వచ్చి, పిల్లలకు సంగటి పెట్టి, తరువాత మొగుడికి తినిపించేది. తినిపించేటప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. పరిహారం వస్తే రెండు పాడి ఆవులు కొనుక్కోవాలి, తళిలో పాలు పోసుకుని బతకాలి. ఆ ఇంట్లో మిగిలిన ఆశ అదొక్కటే.

కృష్ణగిరి కోర్టులో కేసు ఏళ్ళకేళ్ళు సాగింది. కట్టు విప్పాక పోయినా, పాత దెబ్బకు సర్టిఫికెట్ రాయనన్నాడు డాక్టరు. కారు గుద్దడం నేను చూశాను గానీ, ఎముక సంగతి చెప్పగలిగిన సాక్షి నాయన ఒక్కడే. "చేయి చెడిపోయింది, ఇంక పనికి రాదు, ఈ ఒక్క మాట చెప్పు తాతా, చాలు" అని మా వకీలు పదే పదే చెప్పాడు. నాయన తలకాయ మాత్రం ఊపాడు.

సాక్ష్యం చెప్పే రోజు నాయన ఉతికిన పంచె కట్టి, తలపాగా చుట్టి బోనెక్కాడు. కారాయన వకీలు గట్టివాడు. ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, మీ కట్టుకు చుట్టుపక్కల చానా పేరుందంట కదా?"

"ఉండాది సామీ."

"మీ చేతి కింద చెడిపోయిన ఎముక ఒక్కటైనా ఉందా?"

నాయన బావ వైపు చూశాడు. హాలు వెనక మా ఊళ్ళవాళ్ళు నిలబడి ఉన్నారు, ఆయన కట్టుతో నడుస్తున్నవాళ్ళే అందరూ.

"లేదు" అన్నాడు.

"మరి మీ అల్లుడి చేయి?"

"అతికింది సామీ. బాగుండాది."

మా వకీలు తల పట్టుకున్నాడు. నేను లేచి "నాయనా!" అని అరిచాను. బంట్రోతు నన్ను కూర్చోబెట్టాడు. జడ్జి బావను పిలిచి, "మీ మామ చేయి బాగుందంటున్నాడు. నువ్వేమంటావు?" అని అడిగాడు. చేయెత్తి చూపించు బావా, ఒక్కసారి చూపించు అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. బావ తల దించుకున్నాడు.

"మామ చెప్పినాక నేనేం చెప్పేది సామీ."

మధ్యాహ్నానికి కేసు కొట్టేశారు.

తిరుగు బస్సెక్కాం. నీ హస్తవాసి తగలబడ అని నాయన్ని తిట్టాలని నా నాలుక దురద పెడుతోంది. ఆయన కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఒక్క పొద్దులో మరీ ముసలివాడైపోయాడు. బస్సు హోసూరు దాటాక మెల్లగా ఇటు తిరిగాడు.

"నాగేశా, ఆ జడ్జి దొర నా మాట నమ్మినాడా అప్పా?"

బావ నా మోకాలి మీద ఎడమచేయి వేసి గట్టిగా నొక్కాడు.

"నమ్మినాడు మామా. నీ మాట ఒక్కటే నమ్మినాడు."