పెదనాన్న పక్కన ఉండగా అడిగిన ప్రశ్న

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. జరిగిపోయిన వాటి వివరాలు చూపించి, జరగబోయేది ఊహించడం యంత్రానికి ఎలా నేర్పాలో చెప్పడమే నా ఉద్యోగం. మనం తప్పు ఇస్తే అదీ తప్పే చెబుతుందని, దానికి మొహమాటం తెలియదని ఏటా బోర్డు మీద రాసి మరీ చెబుతాను. అలాంటి నేను మా నాన్న దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకుని కూర్చున్నాను.

నాన్నది కారంపూడి పక్క ఊరు. మిరప కోతలప్పుడు టిక్కీ బస్తా ఎత్తబోయి గుండె పట్టుకుని కూలబడ్డాడు. నరసరావుపేట ఆసుపత్రిలో పరీక్షలు చేసి, గుండెకు పోయే రక్తనాళాలు మూడు పూడుకుపోయాయని, బైపాస్ చేయాల్సిందేనని అన్నారు. దానికి ముందు ఒక డాక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. వయసు, షుగరు, బీపీ, కిడ్నీలు. ఇదివరకు ఇదే ఆపరేషన్ అయినవాళ్ల వివరాల నుంచి నేర్చుకున్న ప్రోగ్రామ్ అది. కొత్త మనిషికి ప్రమాదం ఎంతో ఒక గీత రంగులో చూపిస్తుంది. నాన్న పక్కన పెదనాన్న కూర్చుని ఉన్నాడు. మా ఇంట్లో పెళ్లయినా, పొలం బేరమైనా, ఆసుపత్రైనా ఆయన లేకుండా జరగదు.

“చుట్ట, బీడీ, సిగరెట్ ఏమన్నా అలవాటుందా?” అని అడిగింది డాక్టరమ్మ.

“లేదమ్మా,” అన్నాడు నాన్న.

నాన్న రోజుకు ఆరేడు చుట్టలు కాలుస్తాడు. అరవై దాటినా అన్న ముందు ఒక్కటి వెలిగించి ఎరగడు. పెదనాన్న బండి చప్పుడు వినపడితే చుట్టను గోడకేసి నలిపి, లవంగం నోట్లో వేసుకుని ఎదురెళ్లేవాడు. దాన్ని మేం అబద్ధం అనుకోలేదు, గౌరవం అనుకున్నాం. చిన్నప్పుడు పరుగెత్తుకెళ్లి ఆ లవంగాలు తెచ్చిచ్చింది నేనే.

డాక్టరమ్మ నావైపు చూసింది. లేదన్నట్టు తలూపాను. అన్న ముందు నాన్నను తలదించుకునేలా చేయలేకపోయాను. తెర మీద గీత ఆకుపచ్చగా వచ్చింది. సిగ్గు లేకుండా సంతోషించాను కూడా.

ఆపరేషన్‌కు మూడు వారాల గడువిచ్చారు. అలవాటు లేదని రాసుకున్నవాళ్లు మానమని ఎందుకు చెబుతారు? ఇంటికొచ్చాక నేనే బతిమాలాను.

“మానెయ్ నాన్నా, నీకు దండం పెడతా.”

“ఏందమ్మా నీ గోల? మిషనే బాగుందని చెప్పింది గదా,” అని నవ్వాడు.

మిషన్‌కు చెప్పింది మనమే కదా అని గొంతు దాకా వచ్చింది. రేపు డాక్టరమ్మకు ఫోన్ చేద్దామనుకున్నాను. అలా రేపు రేపంటూ మూడు వారాలూ గడిపేశాను.

ఆసుపత్రిలో చేరిన రోజు పొద్దున, మంచం మీద పడుకున్నవాడికే గుండెలో నొప్పి మొదలైంది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. ఇక ఆగలేకపోయాను. డాక్టరమ్మ వెంటపడి, పెదనాన్న పక్కనే ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయి, ఉన్నదంతా చెప్పేశాను. ఆమె ఒక్క మాట కూడా తిట్టలేదు. కంప్యూటర్ దగ్గరికెళ్లి, ‘లేదు’ అన్నచోట ‘ఉంది’ అని మార్చి, మిగతా వివరాలు కూడా మళ్లీ ఇచ్చింది. గీత ఎర్రబడింది.

“ఆ రోజే చెప్పుంటే మాన్పించి, ఊపిరితిత్తులను సిద్ధం చేసేవాళ్లం. ఇప్పుడు వాయిదా వేస్తే గుండె ఆగిపోవచ్చు. ఈ పరిస్థితిలోనే చెయ్యాలి,” అంది.

“మీరున్నారని చెప్పలేకపోయాడు పెదనాన్నా,” అన్నాను, ఏడుస్తూ.

“నాకు తెలవదా ఏంది అమ్మాయ్? మీసం రాకముందు నుంచే తెలుసు. వాడు చిన్నబుచ్చుకుంటాడని చూడనట్టు ఉన్నా.”

ఒళ్లు మండిపోయింది. తెలిసి కూడా ఆ రోజు ఆ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

“లేచి బయటికి పోతే ఏం పోయేది? రెండు నిమిషాలు! ఆ రెండు నిమిషాల్లో నిజం చెప్పేవాడు గదా!” అని అరిచాను. మా ఇంట్లో ఆయన మీద గొంతు లేపినవాళ్లు లేరు. ఆయన మెట్ల మీద కూలబడి, కండువాతో మొహం కప్పుకున్నాడు. నాకు జాలి కలగలేదు. అరిచే హక్కు నాకు మాత్రం ఎక్కడుందని కూడా అనిపించింది.

స్ట్రెచర్ తోసుకెళ్తుంటే పెదనాన్న అడ్డం వచ్చి నాన్న చెవి దగ్గర వంగాడు.

“ఒరేయ్, బతికి రారా. నా ఎదురుగానే కాల్చుకో. నేనేం అననురా.”

నాన్న సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాన్న తెలివిలో ఉండగా నేను చూసిన ఆఖరిసారి అదే.

గుండె బాగానే పనిచేస్తోందని రోజూ చెప్పేవాళ్లు. ఊపిరితిత్తులే కోలుకోలేదు. ఊపిరి కోసం నోట్లో పెట్టిన గొట్టం తీయలేకపోయారు. పన్నెండో రోజున పెదనాన్ననూ నన్నూ లోపలికి పిలిచారు.

మొన్న నాన్న సంవత్సరీకానికి అందరం ఊళ్లో కలిశాం. భోజనాలయ్యాక పెదనాన్న మా తమ్ముణ్ణి పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. తమ్ముడు మాచర్లలో పురుగుమందుల కొట్టు నడుపుతాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

“నువ్వు సిగరెట్లు తాగుతావంట్రా? తిట్టను. నిజం చెప్పు.”

తమ్ముడు తల వంచుకున్నాడు. “లేదు పెదనాన్నా,” అన్నాడు.

వాడి దగ్గర లవంగం వాసన వస్తోంది. వాడు కళ్లతోనే వద్దని బతిమాలుతూ నావైపు చూశాడు.

“తాగుతాడు పెదనాన్నా,” అన్నాను.