నూనె రాసిన నుదురు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. పామర్రులో మా ఇంటి వెనకే సమాధుల తోట. అడ్డదారని రోజూ అందులోంచే బడికి పోయేదాన్ని. ఎవరైనా అక్కడ ఏదో కనపడిందంటే "ముందు కళ్లజోడు పెట్టించుకో" అనేదాన్ని. ఎక్స్‌రే చదువు చదివాక ఇంకా ముదిరాను. మనిషి లోపల ఏముందో రోజూ చూసేదాన్ని, నాకు కనపడని దయ్యం ఇంకెక్కడుంటుంది?

అందుకే ఈ సంగతి బయటపెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. బెజవాడలో ఒక ఆసుపత్రి క్యాత్‌ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల్లోకి తీగ పంపి వైద్యం చేసే గదిలో, టెక్నీషియన్‌గా చేసేదాన్ని. గుండెకు స్టెంట్లు రోజూ వేసేవాళ్లమే. మెదడులో రక్తనాళం ఉబ్బితే దానికి కూడా స్టెంటు వేయడం అప్పుడప్పుడే మాదాకా వచ్చింది. అలాంటి కేసు ఉంటే హైదరాబాదు నుంచి డాక్టరు గారు వచ్చేవారు.

ఆ రోజు పేషెంటు మస్తాన్ గారు. ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లకు అతుకులు వేసే మేస్త్రి. వయసు యాభై దాటి ఉంటుంది. భరించలేని తలనొప్పితో వస్తే స్కానింగ్‌లో ఉబ్బు బయటపడింది. అది పగిలితే మనిషి దక్కడం కష్టం.

పొద్దున్నే స్ట్రెచర్ మీద తీసుకొచ్చేసరికి ఆయన నుదురు జిడ్డుగా మెరుస్తోంది. వెనకే వాళ్లమ్మ నడుచుకుంటూ వచ్చింది.

"ఏంటమ్మా ఈ నూనె? ఏమీ రాయొద్దని చెప్పారు కదా!" అని కసిరాను.

"తల చల్లబడుద్దని కాస్త కొబ్బరినూనె పెట్టానమ్మా. నొప్పికి మూలుగుతుంటే చూళ్లేకపోయా" అందావిడ.

అలాంటప్పుడు స్పిరిట్‌తో శుభ్రంగా తుడవాలి. కానీ డాక్టరు గారు అప్పటికే రెండుసార్లు గడియారం చూశారు. నేను దూదితో పైపైన తుడిచి, తల కదలకుండా నుదుటి మీద అడ్డంగా ప్లాస్టరు పట్టీ వేసి, పక్కనే గాజు అద్దం వెనకున్న నా కంట్రోల్ గదిలోకి వచ్చి తెర ముందు కూర్చున్నాను. ఆయనకు పూర్తి మత్తు ఇచ్చారు.

ఈ పని ఎలా జరుగుతుందంటే, ముందు ఎక్స్‌రేలో నాళాలు కనపడేలా చేసే డై మందు ఎక్కించి మెదడు నాళాల బొమ్మ తీసి తెర మీద నిలిపి ఉంచుతాం. తొడ దగ్గర నుంచి పంపిన సన్నటి తీగను డాక్టరు గారు ఆ బొమ్మ చూసుకుంటూ నడుపుతారు. మధ్యలో తల కొంచెం కదిలినా బొమ్మలో దారి ఒకచోట ఉంటుంది, అసలు దారి ఇంకోచోట ఉంటుంది.

తీగ ఉబ్బు దగ్గరికి చేరుతోంది. నేను తల వంచుకుని రిజిస్టరు రాస్తున్నాను. చూడాల్సింది తెర, రాస్తున్నది రిజిస్టరు. అది కూడా నా తప్పే.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

అద్దం మీదే, నా చెవి పక్కనే. వేలితో కాదు, ఇనప వస్తువుతో కొట్టినట్టు.

"అబ్బ, ఎవరండీ?" అని విసుక్కుంటూ తలెత్తాను. అద్దం దగ్గర ఎవరూ లేరు. డాక్టరు గారు, మత్తు డాక్టరు, నర్సు ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు, ఎవరి పనిలో వాళ్లు. నా గదిలో నేనొక్కదాన్నే.

తలెత్తాను కాబట్టి తెర కనపడింది. పుర్రె ఎముక అంచు వెంట సన్నటి తెల్ల నీడ, ఒక్క గీత రెండుగా కనపడుతోంది. తల కదిలితేనే అలా పడుతుంది.

"సార్, ఆపండి! తల కదిలింది!" అని మైకులో అరిచాను.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూస్తే నూనెకు పట్టీ ఒక పక్క ఊడి జారి ఉంది. తల సరిచేసి, మళ్లీ డై ఎక్కించి కొత్త బొమ్మ తీశాం. పాత బొమ్మనే నమ్ముకుని ఉంటే తీగ కొన ఉబ్బు గోడకు గుచ్చుకునేదే. స్టెంటు సరిగ్గా కూర్చుంది. డాక్టరు గారు "మంచి పని చేశావమ్మా" అంటుంటే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆ అద్దం చట్రం స్క్రూలన్నీ పట్టి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు. ఏసీ కూడా చూశాను. అది వేరే గోడకుంది.

మూడో రోజు మనసాగక వార్డుకు వెళ్లాను. మస్తాన్ గారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. వాళ్లమ్మ ఇడ్లీ ముక్క నోటి దాకా తెస్తుంటే, ఆయన చేతిలోని చెంచాతో మంచం ఊచ మీద కొట్టారు.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

ఆ రోజు అద్దం మీద విన్నదీ ఇదే.

"వీడంతేనమ్మా!" అని నవ్విందావిడ. "షాపులో మోతకి మాట వినపడదుగా. వీడి తమ్ముడు అతుకు తప్పు చోట పెడుతుంటే సుత్తితో ఇట్టా కొడతాడు. ఆగు, మళ్లీ చూడు అని. ఇంట్లోనూ ఇదే గోల. ఇప్పుడు ఇడ్లీ వేడిగా ఉందంట!"

నవ్వుతూనే ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను నూనె పెట్టబట్టే పట్టీ ఊడిందంటగా తల్లీ. నర్సమ్మ చెప్పింది. చేజేతులా నా బిడ్డని..."

నేను నోరు మూసుకుంటే ఆ తప్పు జన్మంతా ఆవిడ మీదే ఉండిపోతుంది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"కాదమ్మా. నూనె ఉందని తెలిసి కూడా సరిగ్గా తుడవకుండా పట్టీ వేసింది నేను. తప్పు నాది."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. మస్తాన్ గారు చెంచా పక్కన పెట్టి నావైపు చూశారు.

"పోనీలెండి మేడమ్. కొట్టగానే విన్నారుగా" అన్నారు.

ఏం విన్నానని అడగకుండానే వార్డు బయటికి వచ్చేశాను.

ఇప్పటికీ ప్రతి నుదురూ స్పిరిట్‌తో రెండుసార్లు తుడుస్తాను. కొత్తగా చేరినవాళ్లు చాదస్తం అనుకుంటారు. దయ్యాలున్నాయని నేను ఈ రోజుకీ అనను. మస్తాన్ గారు నిక్షేపంగా ఇంటికి వెళ్లారు కాబట్టి దయ్యం అనడానికి కూడా లేదు. ఆ రోజు ఆయన ఒళ్లు తెలియని మత్తులో ఉన్నారు, నేను మెలకువగా ఉన్నాను. అయినా తల కదిలిందని ముందు తెలిసింది నాకు కాదు.