మా నాన్న చేతులు చాచిన మధ్యాహ్నం

డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో మా ఫ్లాట్ లీజు ఈ నెలతో అయిపోతుంది కాబట్టి, మొన్న ఆదివారం నేనూ, విజయవాడ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన నా రూమ్మేట్ సందీపూ కలిసి ప్రెస్సులు ఖాళీ చేయడం మొదలుపెట్టాం. ఐర్లండ్‌లో అల్మారాను ప్రెస్ అంటారు. నేను ఎనిమిదో ఏట కరీంనగర్ నుంచి వచ్చి నేర్చుకున్న మొదటి పది మాటల్లో అదొకటి. సందీప్ అట్టడుగు అరలోంచి ఒక పాత సంచీ లాగి, జిప్పు సగం తీసి, వెంటనే మూసేశాడు. "బ్రో, ఇందులో ఎవరన్నా చచ్చిపోయారా?" అన్నాడు. ఎవరూ చావలేదు. లోపల ఉన్నవి నా ఫుట్‌బాల్ బూట్లు. ఎండిన బురద, కుళ్ళిన గడ్డి, కండరాలకు పూసే ఘాటు మందు, ఏళ్ళ తరబడి గాలి తగలని తోలు, అన్నీ కలిసిన ఆ వాసనకు సందీప్ కిటికీ తెరిచాడు. నేను మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఇంకోసారి జిప్పు తీసి పీల్చాను.

నేను పెరిగిన ఊరు పోర్ట్‌లీష్ నుంచి ఇరవై నిమిషాల దూరం. పేరు చెప్పినా మీకు తెలియదు, పక్క ఊరివాళ్ళకే సరిగ్గా తెలియదు. నాన్న పోర్ట్‌లీష్‌లో డాక్టరు. అద్దె తక్కువని ఈ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. ఒక చర్చి, రెండు పబ్బులు, ఒక మాంసం కొట్టు, చివర్న మా కాలేజీ. ఇక్కడ హైస్కూలుకు కూడా కాలేజీ అనే గౌరవం ఇస్తారు, బహుశా పిల్లలకు ఇంకేమీ ఇవ్వలేక. మొత్తం మీద నూటముప్పై మందిమి. కొండ అవతల ఇంతే దిక్కుమాలిన ఊళ్ళో ఇంకో కాలేజీ ఉండేది. ఈ రెండింటికీ ప్రపంచంలో వేరే శత్రువులు లేరు, ఎందుకంటే ఈ రెండింటి సంగతీ ప్రపంచానికి తెలియదు.

ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. చేతులూ కాళ్ళూ రెండూ వాడచ్చు, భుజంతో గుద్దచ్చు, అడ్డకర్ర కింద వలలోకి కొడితే గోల్, అడ్డకర్ర పైనుంచి రెండు నిలువు కర్రల మధ్యగా పంపితే ఒక పాయింటు. నిలువు కర్ర పక్కనుంచి పోతే ఏమీ లేదు, దాన్ని వైడ్ అంటారు. నవంబరు వచ్చేసరికి మా మైదానం సగం చెరువయ్యేది; మధ్యాహ్నం నాలుగుకే చీకటి పడేది; గాలి కొండ మీంచి దిగి నేరుగా చొక్కాలోకి దూరేది. బట్టలు మార్చుకునే గది అంటే లారీ మీంచి దింపేసిన ఒక ఇనప డబ్బా, దాంట్లో పదిహేడుమంది మగపిల్లల ఆవిరి. విరామంలో ఇచ్చే నారింజ ముక్కలు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. సంక్రాంతి నెలలో అమ్మ చేసిన సకినాలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపితే, మా వాళ్ళు వాటిని "రింగ్స్" అంటూ ఎగబడి తినేవాళ్ళు. మా కోచ్ మిస్టర్ క్వర్క్ ఒక్కడే వాటిని టీలో ముంచుకుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేస్తున్నంత నెమ్మదిగా నమిలేవాడు.

క్వర్క్ భూగోళం చెప్పేవాడు. తనూ అదే కాలేజీలో చదివి, అదే మైదానంలో ఆడి, అక్కడే ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాడు. అన్నేళ్ళలో కొండ అవతలివాళ్ళ మీద కప్పు ఒక్కసారీ గెలవలేదు. ఆ కప్పు చూస్తే మీరు జాలిపడతారు. ఒక చెవి ఊడిపోయింది, రెండోదాన్ని ఎవరో టేపుతో అంటించారు. కానీ క్వర్క్ క్లాసులో నదుల గురించి చెబుతూ చెబుతూ కిటికీలోంచి మైదానం వైపు చూసి ఆగిపోయేవాడు, మాకు ఆ నది ఎటు పోయిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

మా విజయగాథలు చెప్పమంటే ఒకటుంది. నేను రెండో ఏడాదిలో ఉండగా బంతి గోడ దాటి పక్క పొలంలో పేడ నిల్వచేసే తొట్టిలో పడింది. ఇంకో బంతి లేదు. పారతో తీసి, కుళాయి కింద కడిగి, ఆట మళ్ళీ మొదలుపెట్టారు. మా జట్టులోని డోనల్ కొట్టిన ఆ బంతి నేరుగా అవతలి గోల్‌కీపర్ ఛాతీ మీదికి వెళ్ళింది. వాడు చేతులు చాపి, వాసన తగిలి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. గోల్. ఆ ఏడాది మేము వాళ్ళ మీద కొట్టింది అదొక్కటే. డోనల్ దాని గురించి ఇప్పటికీ మాట్లాడతాడు, పేడ సంగతి మాత్రం ఎత్తడు.

నేను ఆఖరి ఏడాదిలో ఉండగా, వచ్చే సెప్టెంబరు నుంచి రెండు కాలేజీలూ మూసేసి, పెద్దరోడ్డు మీద కట్టిన కొత్త బడిలో కలిపేస్తున్నట్టు ఉత్తరాలొచ్చాయి. క్వర్క్ అదే వేసవిలో రిటైరవుతున్నాడు. అంటే ఆ మార్చిలో జరిగే కప్పు మ్యాచే చివరిది. గెలిచినవాళ్ళ పేరుతో ఆ ఒంటిచెవి కప్పు కొత్త బడి అద్దాల బీరువాలోకి శాశ్వతంగా పోతుంది. సమానంగా ముగిస్తే పోయినేడు గెలిచినవాళ్ళదే, అంటే ఎప్పట్లాగే వాళ్ళదే. క్వర్క్ మాతో ఒకటే మాట అన్నాడు. "లాడ్స్, నేనెప్పుడూ ఏమీ అడగలేదు." అది అబద్ధం, ప్రతి సోమవారం హోంవర్కు అడిగేవాడు. కానీ ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

మా మ్యాచ్‌లకు గోల్ దగ్గర అంపైర్లు రెండు కాలేజీల నుంచీ వచ్చేవాళ్ళు: ఒక కర్ర దగ్గర మన మనిషి, రెండో కర్ర దగ్గర వాళ్ళ మనిషి, ఇద్దరికీ తెల్లకోట్లు. పాయింటయితే తెల్లజెండా ఎత్తాలి, వైడ్ అయితే చేతులు రెండూ చాచాలి. రాయని నియమం ఏమిటంటే, సందేహం వస్తే మన మనిషి మనకు ఎత్తుతాడు, వాళ్ళ మనిషి వాళ్ళకోసం చాస్తాడు, ఆ తర్వాత రిఫరీ నెత్తి గోక్కుని ఏదో ఒకటి చెబుతాడు. దీన్ని ఎవరూ మోసం అనుకునేవాళ్ళు కాదు, పద్ధతి అనుకునేవాళ్ళు. మా మనిషి మాంసం కొట్టు ఆయన, కోటు కూడా సొంతం. మ్యాచ్ రోజు పొద్దున ఆయనకు జ్వరం. క్వర్క్ మా ఇంటికి ఫోన్ చేశాడు.

"డాక్టర్, మీకు తెల్లకోటు ఉందా?"

నాన్నకు ఆరోజు సెలవు. వారమంతా వేసుకున్న కోటునే మళ్ళీ తగిలించుకుని, నియమాలన్నీ ప్రింటు తీసి, పరీక్షకు చదివినట్టు ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని బయల్దేరాడు. రాయని నియమం సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరూ చెప్పరు కదా, అలాగే. నాకూ చెప్పాలని తట్టలేదు. తట్టినా, మా నాన్నతో "కొంచెం మనవైపు చూడు" అనడం ఎలాగో నాకు తెలియదు.

నేను పదిహేడుమందిలో పదిహేడోవాణ్ణి. ఆడేది పదిహేనుమంది, నేను ఆడాలంటే ఇద్దరికి ఏదో ఒకటి కావాలి. ఆరోజు పదహారోవాడు రానేలేదు, ఒకడికి మోకాలు బెణికింది, ఇంకొకడు అవతలివాడి చెంప మీద కొట్టి బయటికి పోయాడు. అలా బయటికి పోయినవాడి బదులు ఇంకొకణ్ణి దింపనివ్వరు కాబట్టి, మోకాలి పుణ్యమా అని నేను లోపలికి వెళ్ళాను. వాన. స్కోరు సమానం. ఆఖరి నిమిషంలో బంతి ఎవరికీ అక్కర్లేనట్టు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. డోనల్ గొంతు చించుకున్నాడు. "కొట్టరా, దేవుడి మీద ఒట్టు, కొట్టు!"

కొట్టాను. కొట్టిన కాలు గాల్లో ఉండగానే నిలబడ్డ కాలు జారి, బురదలో బోర్లా పడ్డాను. నోట్లో మట్టి, చెవుల్లో నీళ్ళు, ఎక్కడో దూరంగా జనం ఒక్కసారిగా పీల్చిన ఊపిరి. నేను తల ఎత్తేసరికి బంతి లేదు. తెల్లకోటులో మా నాన్న, రెండు చేతులూ చాచి, వర్షంలో సిలువ మీదున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

రెండో కర్ర దగ్గరున్న కొండవతలి రైతు మా నాన్న వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఆ తర్వాత ఆయనా చేతులు చాచాడు. మన మనిషే మనకు కాదన్నాక ఆయనకేం పోయింది? రిఫరీ ఈల ఊదాడు. కప్పు కొండ అవతలికి పోయింది.

ఇనప డబ్బాలో అందరూ వంగి లేసులు విప్పుకుంటున్నారు. డోనల్ బూటు విప్పుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "మీ నాన్న ఏ ఊరి డాక్టరు, కొండకు ఇటా, అటా?" బయట క్వర్క్ నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, "గ్రాండ్, డాక్టర్, గ్రాండ్" అన్నాడు. ఆ మాటను ఈ దేశంలో బాగున్నప్పుడూ అంటారు, ఇల్లు కాలిపోతున్నప్పుడూ అంటారు. కారులో నేను ఇంగ్లీషులో అడిగాను, నిజంగా వైడేనా అని. నాన్న వైపర్లనే చూస్తూ "వైడే బిడ్డా" అన్నాడు. అంతే.

మర్నాటి నుంచి నేను బస్సెక్కితే సీట్లలో చేతులన్నీ చాచుకునేవి. సెప్టెంబరులో కొత్త బడికి వెళ్ళిన మా తమ్ముణ్ణి కూడా "చిన్న వైడ్" అని పిలిచారు, వాడికి ఫుట్‌బాల్ అంటేనే పడదు. నేను మళ్ళీ ఆడలేదు. దాన్ని త్యాగం అనుకోకండి, పదిహేడోవాడు మానేస్తే జట్టుకు తెలిసేది కాదు. నాన్న మాత్రం ఆ తర్వాత ఊళ్ళో ఏ మ్యాచ్‌కీ రాలేదు. ఎవరైనా పిలిస్తే డ్యూటీ ఉందనేవాడు. ఉన్నరోజూ అనేవాడు, లేనిరోజూ అనేవాడు.

పోయిన నెల క్వర్క్ చనిపోయాడు. అమ్మ ఫోన్ చేస్తే సిటీవెస్ట్ నుంచి వెళ్ళాను. ఇక్కడ చావుకు ఊరంతా వరుసలో నిలబడి, పెట్టె పక్కన కూర్చున్న ఇంటివాళ్ళకు ఒక్కొక్కరే చెయ్యి కలిపి, కదిలిపోతారు. మా వంతు వచ్చినప్పుడు క్వర్క్ భార్య నొరీన్ నాన్న చేతిని వదల్లేదు.

"డాక్టర్, మా మైకేల్ మీ గురించి ఎన్నిసార్లు చెప్పేవాడో! సొంత కొడుకు కొట్టినా వైడ్‌ని వైడ్ అన్నాడు చూడు, అలాంటి మనిషి చెప్పాడు కాబట్టే ఆ కప్పు పోయినా నాకు నిద్రపడుతోంది అనేవాడు."

నాన్న ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు. వరుస కదిలింది.

తిరిగొస్తూ పాత కాలేజీ దగ్గర కారు ఆపాడు. కాలేజీ లేదు. ఇనప డబ్బా లేదు, పేడ తొట్టి లేదు, కొండ మీంచి దిగే గాలికి అడ్డంగా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇరవై ఇళ్ళు లేచాయి. గోల్ కర్రలు ఎక్కడుండేవో గుర్తుపట్టడానికి చూశాను. ఎవరిదో వంటగది కిటికీ కనిపించింది, దాని వెనక ఒకావిడ గిన్నెలు కడుగుతోంది. కప్పు కూడా కొత్త బడి బీరువాలో ఇప్పుడు లేదట, కంప్యూటర్లకు చోటు చాలక ఎక్కడో పెట్టారట, ఎక్కడో ఎవరికీ తెలియదట.

"నేను జూడలే బిడ్డా" అన్నాడు నాన్న.

"ఏంది డాడీ?"

"బంతిని. నువ్వు కిందపడ్డవ్ గదా. కాలు ఇరిగిందేమో, లేస్తవో లేవవో అని నిన్నే జూసుకుంట నిలబడ్డ. మల్ల తల తిప్పేసరికి బంతి ఎన్కకు పోయింది. అందరు నా దిక్కే జూస్తున్నరు."

"మరి వైడ్ ఎందుకన్నవ్?"

"నా కొడుకు కొట్టింది. కండ్లతోని జూడకుంట తెల్లజెండ ఎట్ల లేపుత?" స్టీరింగు మీద బొటనవేలు రాస్తూ అడిగాడు. "నొరీన్‌కు చెప్పాల్నా ఇప్పుడు? ఆయన నిజమనుకునే పోయిండు."

ఇలాంటి చోట ఏదో ఒక జోకు వేయడం నా వృత్తి లాంటిది. వెతికాను. దొరకలేదు.

"వైడే డాడీ" అన్నాను. "నేను చూసిన. కర్ర పక్కనుంచి మూరెడు దూరంల పోయింది."

నాన్న నా వైపు తిరిగి చూశాడు. బంతి పోతున్నప్పుడు నేను బురదలో బోర్లా పడి ఉన్న సంగతి ఈ భూమ్మీద ఆయన కంటే బాగా చూసినవాళ్ళు లేరు.

"మూరెడా?" అన్నాడు.

"మూరెడు."

"సరే" అని, కారు స్టార్ట్ చేశాడు.