రెప్పవెంట్రుకల సాలోంగో

ఎదుటి మనిషిలో కొందరు బట్టలు చూస్తారు, కొందరు చెప్పులు చూస్తారు. మా సాలోంగో కిగ్గుండు మాత్రం కనురెప్పలు చూసేవాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. "అమ్మా, ఒక్క వెంట్రుక ఇస్తారా?" అని చెయ్యి చాచేవాడు.

కవలల తండ్రి కాబట్టి కంపాలాలో అందరికీ ఆయన సాలోంగో. మా ఆస్పత్రిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆయనది, ఫొటోలు కడిగే పని నాది. ప్లాస్టిక్ దిమ్మలో బిగించిన రోగి కండముక్కని గాజుకత్తితో కోస్తే, కంటికి ఆనీ ఆననంత పల్చటి పొరలు నీళ్లమీద తేలతాయి. వేలు పెడితే అంతే సంగతులు. సూది తగిలినా చిరుగుతాయి. అగ్గిపుల్ల కొసకి అతికించిన రెప్పవెంట్రుకతోనే మెల్లగా జరపాలి.

అంతవరకూ న్యాయమే. కానీ ఆ పనికి ఏడాదికి రెండు చాలు, ఆయనకి వారానికొకటి కావాలి! టాక్సీలో పక్కసీటావిడని అడిగాడు. చర్చిలో కళ్లు మూసుకున్న పెద్దమనిషి మీదికి వంగి, ఊడుతుందేమోనని ఊదాడు. ఒక పెళ్లిలో ఏకంగా పెళ్లికూతురినే అడిగితే, ఆ అమ్మాయి మేనత్త గేటు దాకా తరిమింది.

"మీకు సొంతవి లేవా?" అనేదాన్ని.

"అయిపోయాయి."

"మీ ఆవిడవి?"

"నన్ను చూస్తే గోడవైపు తిరుగుతోంది. నీవి బాగుంటాయి, నలుబేగా..."

"నా జోలికొస్తే ఫొటోలు మీరే కడుక్కోండి!"

పదకొండేళ్లు మా మధ్య ఇదే మాట.

ఒకసారి నముద్దు అనే ఆవిడ వచ్చింది. బజారులో అరటిగెలలు అమ్ముకునే మనిషి. ఆమె ఎనిమిదేళ్ల కూతురు నమ్యాలోకి ఒళ్లంతా వాపు. పిల్ల మేనమామ కిడ్నీ జబ్బుతోనే పోయాడట. కిడ్నీలో నెత్తురు వడకట్టే చోట కణాల కింద సన్నటి అడుగుపొర ఒకటుంటుంది. అది చీలికలై ఉంటే వంశపు జబ్బు, మందు లేదు. బాగుంటే మందుతో నయమవుతుంది. ఆ సంగతి మా యంత్రమే చెప్పాలి.

అలాంటి మనిషిని కూడా సాలోంగో వదల్లేదు. "అమ్మా, ఒక్క వెంట్రుక..."

నముద్దు నడుం మీద చెయ్యి వేసుకుంది. "పిల్ల నెత్తురు తీసుకున్నారు. కిడ్నీ ముక్క తీసుకున్నారు. ఇప్పుడు నా రెప్పలా? మొహమంతా కోసి గంపలో పెట్టివ్వనా?"

"ఒక్కటి చాలమ్మా."

"ఇదిగో, తగలెయ్!" అని పీకి ఆయన అరచేతిలో కొట్టింది. నేను సిగ్గుతో పక్కకి తప్పుకున్నాను.

మర్నాడు ట్రేలో ఫొటో తేలింది. అడుగుపొర ఒకే గీతగా ఉంది, ఎక్కడా చీలిక లేదు. పైన ఆ పొరని పట్టుకుని నిలబడే కణాల పాదాలు మాత్రం చదునై అతుక్కుపోయాయి. సాలోంగో మూడుసార్లు చూసి, "లొంగుతుంది! మందుకి లొంగే జబ్బే ఇది!" అని తడి ఫొటోతోనే డాక్టరు గదికి పరిగెత్తాడు.

నెగెటివు పెట్టడానికి కవరు కోసం ఆయన సొరుగు లాగాను. లోపల అగ్గిపుల్లలు, వందల కొద్దీ. ఒక్కోదానికి ఒక చీటీ. అన్నిటికంటే పైది: "నమ్యాలో. తల్లి నముద్దు." దాని కింద: "కటెరెగా. అన్న." "ముసోకె. పెళ్లికూతురు."

ఆయన తిరిగొచ్చి దొంగలా నిలబడ్డాడు.

"ఏమిటిది సాలోంగో?"

"పిల్ల ముక్క నీళ్లమీద ఒంటరిగా తేలుతుంటే పరాయిచెయ్యి ఎందుకూ? వాళ్లమ్మ తాకితే బాగుంటుందని..."

"మరి ఈ పెళ్లికూతురు?"

"ముసోకెకి ఎవరూ లేరు. అలాంటివాళ్లకి సంతోషంగా ఉన్నవాళ్ల దగ్గర అడుగుతాను. పెళ్లిళ్లలోనైతే అందరూ సంతోషంగా ఉంటారు కదా, ఆ మేనత్త తప్ప."

నాకు నవ్వొచ్చింది, ఆయన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. అంతలో కొత్త దిమ్మ వచ్చింది. లుబ్వామా అనే ముసలి వాచ్‌మన్‌ది. కాగితం మీద "తోడు: ఎవరూ లేరు" అని ఉంది. సాలోంగో టోపీ తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"టాక్సీ స్టాండుకి."

"కూర్చోండి," అని కళ్లు మూసుకుని మొహం ముందుకి పెట్టాను. చురుక్కుమంది. ఆయన వెంట్రుకని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పదకొండేళ్లు బతిమాలించుకుంది ఇందుకా? బిరుసు!"

అంటూనే దాన్ని అగ్గిపుల్లకి అతికించి, చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "లుబ్వామా. చెల్లెలు నలుబేగా."