ఫోటో లేని ఫ్లెక్సీ

విడపనకల్లు దగ్గరి ఆ ఊళ్లో పాపన్నకు కాస్త మెట్ట చేను ఉంది, బోలెడు అనుమానం ఉంది. వాన రాని ఏడాది కూడా తప్పకుండా పండేది రెండోదే. మబ్బు పడితే, మనకోసం వచ్చిందా, కర్ణాటకకు పోతూ తొంగిచూసిందా అని విచారించి గానీ విత్తనాల మూట విప్పేవాడు కాదు.

అట్లాంటి మనిషి వేరుశనగ ఆరబోసుకున్న సిమెంటు కళ్లం ముందు ఓ పొద్దున ఫ్లెక్సీ వెలిసింది. ఆదివారం స్కేట్‌బోర్డు పోటీలు, అందరూ రండి. అంతే. దండం పెట్టే నాయకుడు లేడు, కింద తపాలా బిళ్లలంత అనుచరులు లేరు. ఆ సీమలో ఎద్దులు బండ లాగినా ఎవరో ఒకరి మొహం కిందే లాగాలి. మొహం లేని ఫ్లెక్సీ చూసి పాపన్నకు గంజి దిగలేదు.

పోటీ పెడుతున్నది ఎస్తేరు. ఆ వీధి పిల్లే. గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం. సెలవుల్లో ఊరి పిల్లలకు చక్రాల పలక మీద నిలబడటం నేర్పుతుంది. ఊళ్లో నున్నటి నేల ఆ కళ్లం ఒక్కటే.

"మామా, ఆదివారం ఒక్క దినం కాయలు ఎత్తుకో."

"ఎత్తుకుంటాలేమ్మా. ఎనక ఎవురుండారో చెప్పు."

"ఎవురూ లేరు మామా!"

"ఎవురూ లేకుండా ఫ్లెక్సీ యాడిది? నేను కాయలెత్తితే, చేలన్నీ తీసుకుంటాండే సోలారు కంపెనీవోళ్లొచ్చి కంచె నాటితే? మళ్లా యాడ ఆరబోసుకునేది?"

"మన కండ్ల ముందర పెరిగిన పిల్లప్పా," అంది భార్య సుంకమ్మ.

"అందుకే భయం. బయటోళ్లయితే మోసం తెలిసిపోతాది."

ఎస్తేరు విసిగిపోయింది. "ఎవురి ఫోటో ఉంటే నమ్ముతావో చెప్పు మామా. ఆయప్పదే ఏపిస్తా."

పాపన్న నాయకులందరినీ మనసులో వరసగా నిలబెట్టి, వరసగా పంపించేశాడు. కళ్లం కాజెయ్యదని పూచీ పడదగ్గ మొహం ఒక్కటే మిగిలింది.

"నాదే ఎయ్యి."

ఫ్లెక్సీ అంగడివాడు అలవాటుకొద్దీ దండం పెట్టే చేతులు కూడా అతికించాడు.

ఆదివారం కాయలు లేచాయి. పిల్లలు జారారు, పడ్డారు, లేచారు. పెద్దలు మాత్రం ఫ్లెక్సీనే చూశారు.

"ఏమప్పా పాపన్నా, సర్పంచికి నిలబడతాండావంటనే? ఏ పార్టీ?" అన్నాడు టీ అంగడి ఓబుళేసు.

"ఏ పార్టీ లేదప్పా! కళ్లం కోసరం."

"అందరూ అదే చెప్తార్లే."

ఇంటికొస్తే సుంకమ్మ గొంతు తగ్గించింది. "ఊరికి చెప్పాకు సరే. నాకన్నా చెప్పు."

సాయంత్రానికి కళ్లం ఎక్కడికీ పోలేదు. కాయలు మళ్లీ పోస్తూ పాపన్న ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూశాడు.

"దించమ్మా ఎస్తేరూ."

"బాగుండావు గదా మామా!"

"బాగానే ఉండా. ఆ దండం చూస్తే నా మీద నాకే నమ్మకం ల్యాదు."

దించిన ఫ్లెక్సీని సుంకమ్మ బొమ్మ లోపలికి తిప్పి కాయల మీద కప్పింది. "ఇంక ఫ్లెక్సీలో నువ్వే కావలి కాస్తాంటావు, రా ఇంటికి," అంది.

పాపన్న మంచం తెచ్చుకుని పక్కనే వేసుకున్నాడు.