మా వీధి గదిలో పడుకున్న మనిషి

దెయ్యం లేదు, గాలి లేదు అని వాదించి మా మేనత్త చేత నోటినిండా తిట్లు తిన్నవాణ్ణి నేను. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దెయ్యం అనను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్లూ చెప్పలేదు.

తొంభైల చివర్లో రాయగడ స్టేషన్ దగ్గర రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మస్కట్‌లో ఒక లాండ్రీలో పని దొరికితే మా ఆవిడని గుణుపురంలో పుట్టింటికి పంపించాను. ఇల్లు మాత్రం వదల్లేదు. వాకిట్లో కుళాయి ఉన్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. తిరిగొచ్చాక తల దాచుకోడానికి నాకు ఇంకో చోటు లేదు.

ఇంటాయన ఒడియా ఆయన, ఉండేది కొరాపుట్‌లో. ఇంకొకళ్లని పెట్టొద్దని ముందే చెప్పాడు. ఖాళీగా ఉంచితే తాళం మార్చేస్తాడని నా భయం. అందుకే పార్వతీపురం నుంచి వచ్చి కుళాయిల పని చేసుకునే అప్పలరాజునీ, వాడి భార్య రమణమ్మనీ అందులో ఉంచాను. ఎవరడిగినా మా చుట్టాలని చెప్పమన్నాను. పాలు మాత్రం పొంగించొద్దన్నాను.

పాలు పొంగిస్తే కొత్తవాళ్లు దిగారని వీధంతా తెలిసిపోతుంది. ఇల్లు వాళ్లదైపోతుందన్న బెంగ కూడా ఉంది, దాచడమెందుకు. రమణమ్మ మొహం చిన్నబోయింది. పాలు పొంగించని ఇంట్లో వండుకు తినడం ఏ ఆడదానికి ఇష్టం?

మస్కట్‌లో రాత్రంతా ఇస్త్రీ యంత్రం ముందు నిలబడాలి. పొద్దున్న గదికొచ్చి పడుకోవాలి. గది నిండా మనుషులు, వంటలు, కేకలు. అయినా తల వాల్చగానే ఒళ్లు తెలియని నిద్ర పట్టేది. ఆ దేశంలో నాకు దక్కిన సుఖం అదొక్కటే.

శుక్రవారాలు మా వీధి చివరి ఫోన్ బూత్‌కి చేసి అప్పలరాజుని పిలిపించేవాణ్ణి. ఒక శుక్రవారం వాడి గొంతు తేడాగా ఉంది.

"అన్నియ్యా, కోప్పడొద్దు. నువ్వు ఆడే ఉన్నావా?"

"ఇంకెక్కడుంటాన్రా?"

"మా ఇంటిది నిన్ను సూసిందట. వీధి గదిలో కిటికీ కింద పడుకుంటన్నావట. పట్టపగలు."

"నా సెవిలో పువ్వెట్టకురా" అని నవ్వాను. అప్పుడు రమణమ్మ ఫోన్ తీసుకుంది. ఆ మనిషి తరచూ వస్తున్నాడట. గోడవైపు తిరిగి, మొహమ్మీద తువ్వాలు వేసుకుని పడుకుంటాడట. నేను పడుకునేది అలాగే. మా ఆవిడ చెప్పి ఉంటుందిలే అనుకున్నాను.

"ఎడం సేతికి ఏటైంది అన్నియ్యా? కాలి బొబ్బెక్కిపోనాది" అంది.

ఆ వారమే యంత్రం తగిలి చెయ్యి కాలింది. ఇంట్లో కంగారు పడతారని ఎవరికీ చెప్పలేదు.

అప్పలరాజు ఇల్లు వదిలేస్తామన్నాడు. వాళ్లు పోతే ఇల్లు పోయినట్టే. బతిమాలాను. మళ్లీ రమణమ్మే మాట్లాడింది.

"కడుపుతో ఉన్నాను. ఇలా బయపడతా ఎన్నాళ్లుండమంటావు? ఒక్కసారి పాలు పొంగించుకోనీ అన్నియ్యా."

ఇంకేం కాదంటాను? "పొంగించుకో అమ్మీ" అన్నాను. అనేశాక ఫోన్ దగ్గరే ఏడుపొచ్చింది.

పాలు పొంగిన రోజు నుంచి ఆ మనిషి మళ్లీ కనబడలేదట. నాకు ఆ వారం నుంచే నిద్ర పట్టడం మానేసింది. పక్కవాడి దగ్గు, పొయ్యి మీద గిన్నె చప్పుడు, అన్నీ వినిపిస్తూ ఉండేవి. మాత్రలు మింగినా అంతే. ఒళ్లీడ్చుకుంటూ కాంట్రాక్టు పూర్తి చేశాను.

తిరిగొచ్చి తలుపు కొడితే రమణమ్మ చంటిదాన్ని చంకనేసుకుని తీసింది. నన్ను పోల్చుకోవడానికి ఆవిడకి కాస్త సేపు పట్టింది.

"ఓలమ్మో, ఇలాగైపోనావేటన్నియ్యా! ఈ కిటికీ కింద పడుకున్నాయన ఇంత నలిగిపోయి లేడు. నిమ్మళంగా గురకెట్టి పడుకునేవోడు. బయమేసినా లేపబుద్దయ్యేది కాదు."

"ఇల్లు నీదే, ఖాళీ సేసేస్తాం" అంటూ కిటికీ కింద చాప పరిచింది. మధ్యాహ్నం దాకా కళ్లు మూసుకుని పడుకున్నాను, నిద్ర రాలేదు. లోపల పిల్ల ఏడుస్తోంది, పోపు వాసన వస్తోంది. ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టనిపించింది. లేచి, మీరే ఉండండమ్మా అని చెప్పి గుణుపురం బస్సెక్కాను.

నిద్ర లేకపోవడానికి డాక్టర్లు ఏవో కారణాలు చెబుతారు. ఒప్పుకుంటాను. కాలిన చెయ్యి రమణమ్మకెలా కనిపించిందో మాత్రం ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆవిడ చూసిన ఆ నిద్ర నాదేనని నాకనిపిస్తుంది. అది అక్కణ్ణుంచి లేచి ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు.